డాడ్జ్ సిటీ: అమ్మానాన్నలను తీసుకెళ్లదగ్గ ఊరేనా?

ప్రకాశం_పిల్లోడు · మే 9, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను విచిటాకి వచ్చి రెండేళ్లయింది. వచ్చే నెల అమ్మానాన్న వస్తున్నారు. నాన్న రైతు, ఒంగోలు దగ్గర పల్లె. ఒకప్పుడు బండలాగుడు పందేలకు ఎడ్లను మేపిన మనిషి. నయాగరా, న్యూయార్క్ న్యూజెర్సీలో ఉన్న అన్నయ్య చూపిస్తానన్నాడు. నా వంతుకు కాన్సస్ మిగిలింది! ఇక్కడ గోధుమ చేలు తప్ప ఏం చూపించాలో తోచడం లేదు.

ఆఫీసులో ఒకాయన డాడ్జ్ సిటీ తీసుకెళ్లు, అసలు సిసలు కౌబాయ్ ఊరు అన్నాడు. రెండున్నర గంటల డ్రైవ్. పక్క సీటు ఆవిడేమో దుమ్మూ వాసనా తప్ప అక్కడేమీ లేదని తీసిపారేసింది. వెళ్లినవాళ్లు చెప్పండి. అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడవలేదు. ఇద్దరూ మాంసాహారులే కానీ బీఫ్ ముట్టరు.

బోరుకొట్టిన_బాబు · మే 9, రాత్రి 10:05

వద్దు బ్రదర్. రానూపోనూ ఐదు గంటలు, చూసేది అరగంట. నేను వెళ్లాను. ఒక నకిలీ వీధి, నకిలీ శ్మశానం, టోపీలు అమ్మే కొట్టు. అదే పెట్రోలుతో కాన్సస్ సిటీకి వెళ్తే గుడి ఉంది, ఇడ్లీ ఉంది.

కాన్సస్_కాకి · మే 9, రాత్రి 11:30

బాబు గారు తొందరపడ్డారు. ఈ రాష్ట్రంలో నాకు 22 ఏళ్లు, ఆ ఊరికి పదిసార్లకు తక్కువ కాకుండా వెళ్లుంటాను. నకిలీ వీధి మాట నిజమే. కానీ కథ తెలుసుకుని వెళితే ఆ నకిలీలోనూ మజా ఉంటుంది.

ఆ ఊరు పుట్టిందే సారా కోసం. 1865లో సైన్యం ఆర్కాన్సస్ నది ఒడ్డున ఫోర్ట్ డాడ్జ్ కట్టింది, శాంటా ఫే దారిన పోయే బండ్లకు కాపలాగా. (నది పేరు ఇక్కడివాళ్లు అర్‌కాన్జస్ అని పలుకుతారు. అర్కాన్సా అంటే మీరు కొత్తవాళ్లని పట్టేస్తారు.) కోటకు ఐదు మైళ్ల లోపల మందు అమ్మకూడదని ఆజ్ఞ. 1872 జూన్‌లో జార్జ్ హూవర్ అనే వ్యాపారి బండి చక్రానికి గుడ్డపీలిక కట్టి, చుట్లు లెక్కపెట్టుకుంటూ పడమరగా వచ్చాడట. ఐదు మైళ్లు పూర్తికాగానే గుడారం దింపి, రెండు మట్టిగడ్డల కుప్పల మీద పలక పరిచి, విస్కీ గరిటెల లెక్కన పోశాడట. పీలిక సంగతి పిట్టకథే కావచ్చు. కోటకూ ఊరికీ మధ్య దూరం మాత్రం ఈనాటికీ ఐదు మైళ్లే, మీ కారు మీటరులో చూసుకోండి.

మూడు నెలలు తిరక్కుండానే, సెప్టెంబర్‌లో, రైలు వచ్చింది. ఊరికి ముందు అనుకున్న పేరు బఫలో సిటీ. ఆ పేరుతో రాష్ట్రంలో అప్పటికే ఒక పోస్టాఫీసు ఉండటంతో కోట పేరే పెట్టేశారు.

పశువుల సంగతికి వస్తే, అంతర్యుద్ధం అయ్యాక టెక్సాస్‌లో పొడుగు కొమ్ముల పశువులు అడివిపాలుగా పడి ఉన్నాయి. అక్కడ నాలుగు డాలర్ల గొడ్డు ఉత్తరాదిన నలభై పలికేది. చేర్చాలంటే రైలు కావాలి, రైలు కాన్సస్‌లో ఉంది. అందుకని నడిపించుకొచ్చారు. మందకు రెండు రెండున్నర వేల తలలు, తోలడానికి పది పన్నెండు మంది కుర్రాళ్లు. రోజుకు పది పదిహేను మైళ్లు, అలా రెండు మూడు నెలలు. కుర్రాడి జీతం నెలకు 30, 40 డాలర్లు. ఊరు చేరాక ఆ డబ్బంతా ఒక్కసారిగా చేతిలో పడుతుంది. మూడు నెలల జీతం, మూడు నెలల దాహం. మిగతాది మీరే ఊహించుకోండి.

1867లో అబిలీన్, ఆ తర్వాత ఎల్స్‌వర్త్, మీ విచిటా, చివరికి డాడ్జ్. అవును పిల్లోడూ, మీ విచిటా కూడా ఒకప్పుడు పశువుల సంతే. మీ ఆఫీసు పార్కింగ్ లాట్‌లో లాంగ్‌హార్న్ గొడ్లు నిలబడి ఉండొచ్చు.

ప్రకాశం_పిల్లోడు · మే 10, ఉదయం 7:15

కాకి గారూ, నెలకు 30 డాలర్లకు మూడు నెలలు గొడ్లు తోలడమా! నాన్నకు ఈ ముక్క చెప్పాలి. మా తాత పాలేరుగా చేసిన రోజుల కథలే ఇంకా చెబుతుంటాడు ఆయన.

ఇంతకీ అక్కడ రోజుకో హత్య జరిగేదంటారు, నిజమేనా?

చరిత్రపిచ్చి · మే 10, ఉదయం 8:50

ఈ ప్రశ్న కోసమే కాచుక్కూర్చున్నాను.

రోజుకొకటి కాదు. రాబర్ట్ డిక్‌స్ట్రా అనే చరిత్రకారుడు ఆనాటి పత్రికలు, రికార్డులు తిరగేసి లెక్క కట్టాడు. అబిలీన్, ఎల్స్‌వర్త్, విచిటా, డాడ్జ్, కాల్డ్‌వెల్, ఈ ఐదు సంత ఊళ్లలో 1870 నుంచి 1885 దాకా జరిగిన హత్యలు మొత్తం 45. అందులో డాడ్జ్ వాటా 15, అదీ పదేళ్లలో. ఊరు చిన్నది కాబట్టి జనాభా లెక్కన అది తక్కువేమీ కాదు, అది వేరే వాదన. కానీ మనం ఊహించుకునే నెత్తుటి వీధి మాత్రం కాదు.

అసలు ఊళ్లో తుపాకీ పట్టుకు తిరగడమే నేరం. రైలు పట్టాలను ‘డెడ్ లైన్’ అనేవాళ్లు. పట్టాలకు ఉత్తరాన, వ్యాపారస్తుల వైపు, ఆయుధం అప్పగించి తిరగాలి. దక్షిణాన కొంచెం చూసీచూడనట్టు వదిలేసేవాళ్లు. దుకాణాలవాళ్లకు కౌబాయ్ డబ్బు కావాలి, కౌబాయ్ తూటా వద్దు. ఊరి పెద్దల తెలివంతా ఆ గీతలోనే ఉంది.

వ్యాట్ అర్ప్‌ను అందరూ డాడ్జ్ సిటీ మార్షల్, అంటే ఊరి పోలీసు పెద్ద, అనుకుంటారు. ఆయన ఎప్పుడూ అసిస్టెంటే, 1879లో వెళ్లిపోయాడు కూడా. బ్యాట్ మాస్టర్‌సన్ 1877లో మూడంటే మూడు ఓట్ల తేడాతో కౌంటీ షెరీఫ్ అయ్యాడు. చివరికి న్యూయార్క్‌లో క్రీడావిలేకరిగా స్థిరపడి, 1921లో ఆఫీసు బల్ల దగ్గరే ప్రాణం విడిచాడు. డాక్ హాలిడే పళ్ల డాక్టరు, జూదరి కూడా. 1878లో స్థానిక పత్రికలో ప్రకటన వేయించాడు, వైద్యం నచ్చకపోతే డబ్బు వాపసు అని. జూదంలో పోయిన డబ్బుకు అలాంటి హామీ ఇచ్చినట్టు దాఖలాల్లేవు.

అన్నిటికంటే నాకిష్టమైనది 1883 నాటి ‘డాడ్జ్ సిటీ యుద్ధం’. లాంగ్ బ్రాంచ్ సెలూన్ (అంటే సారా దుకాణం) యజమానుల్లో ఒకడు ల్యూక్ షార్ట్. అతని సెలూన్లో పాడే అమ్మాయిలను అరెస్టు చేశారు, పోటీ సెలూన్లో పాడేవాళ్ల జోలికి మాత్రం పోలేదు. గొడవ ముదిరి ఇతన్ని ఊరి నుంచి తరిమేశారు. ఇతను పోయి అర్ప్‌నూ మాస్టర్‌సన్‌నూ పిలుచుకొచ్చాడు. వాళ్ల మొహాలు చూడగానే ఊరి పెద్దలు రాజీకి దిగారు. ఎనిమిది మంది మీసాలు దువ్వుకుని దర్జాగా ఫోటో దిగారు, ఆ ఫోటో ప్రపంచమంతా తిరిగింది. యుద్ధంలో చనిపోయినవాళ్లు సున్నా. మన సర్పంచ్ ఎన్నికలే నయం.

బోరుకొట్టిన_బాబు · మే 10, ఉదయం 9:20

సర్పంచ్ ఎన్నికలు 😂 ఒప్పుకున్నా.

ఊరకే_వచ్చా · మే 10, మధ్యాహ్నం 1:10

మామూలుగా చదివి పోతుంటాను, ఈసారి రాయక తప్పడం లేదు. మీరంతా కథను పశువులతో మొదలుపెట్టారు. వాటికి ముందు ఆ గడ్డి మీద ఎవరున్నారు?

డాడ్జ్ మొదట బతికింది అడవిదున్నల తోళ్ల మీద. రైలు వచ్చిన రెండు మూడేళ్లలో లక్షల తోళ్లు అక్కడి నుంచి వెళ్లాయి. 1878 నాటి ఫోటో ఒకటి ఉంది, రాత్, రైట్ అనే వ్యాపారుల తోళ్ల యార్డు. నలభై వేల తోళ్లు గడ్డివాము అంత ఎత్తున పేర్చి ఉంటాయి, పైన ఒకడు కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉంటాడు. తోలు వొలుచుకుని మాంసం అలాగే వదిలేసేవాళ్లు. దున్నలు అయిపోయాక మైదానంలో తెల్లగా పడున్న ఎముకలు ఏరి, ఎరువుల ఫ్యాక్టరీలకు టన్నుల లెక్కన అమ్ముకున్నారు. కరువుకు చితికిన రైతులకు ఆ ఎముకల డబ్బే గింజలు కొనిపెట్టింది.

ఆ దున్నల మీద బతికినవాళ్లు కయోవాలు, కొమాంచీలు, షయాన్‌లు, అరాపహోలు. 1867లో ఇదే కాన్సస్‌లో మెడిసిన్ లాడ్జ్ దగ్గర వాళ్లతో ఒప్పందం రాసుకున్నారు. ఏడేళ్లు గడవకముందే డాడ్జ్ వేటగాళ్లూ వ్యాపారులూ దక్షిణాన టెక్సాస్ లోపలికి చొరబడి అడోబీ వాల్స్ దగ్గర దుకాణాలు పెట్టారు. 1874 జూన్‌లో కొమాంచీల నాయకుడు క్వానా పార్కర్ మనుషులు ఆ స్థావరం మీద దాడి చేశారు. లోపల ఉన్న వేటగాళ్లలో మీరు ఇందాక పొగిడిన బ్యాట్ మాస్టర్‌సన్ కూడా ఉన్నాడు. మ్యూజియంకి వెళితే తుపాకుల అద్దాల ముందు అంతసేపూ నిలబడకండి. ఆ తోళ్ల ఫోటో ముందు ఒక్క నిమిషం నిలబడండి, చాలు.

కాన్సస్_కాకి · మే 10, మధ్యాహ్నం 2:00

ఊరకే గారూ, మీరు ఊరకే రాలేదు. నా పోస్టులో ఆ ముక్క వదిలేయడం నా పొరపాటే.

టాప్‌లేపుతా · మే 10, సాయంత్రం 4:45

ఎన్ని కథలు చెప్పినా చివరికది గొడ్లను కోసే ఊరు. ఒంగోలు గిత్తలు మేపిన పెద్దాయన్ని అక్కడికి తీసుకెళ్లడం పాపం కాదా?

నిర్వాహకుడు · మే 10, సాయంత్రం 5:30

ఎవరి తిండి వాళ్లిష్టం. ఈ థ్రెడ్‌లో పాపపుణ్యాల చర్చ ఇక్కడితో ఆపుదాం. తర్వాత వచ్చిన ఆరు పోస్టులు తీసేశాను.

పశువుల_డాక్టర్ · మే 10, రాత్రి 8:20 (భారత కాలమానం కాదు, మా అబ్బాయి ఇంట్లో ఉన్నాను)

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో 31 ఏళ్లు పశువైద్యుడిగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు డాలస్‌లో మనవడిని ఆడిస్తున్నాను. మీరంతా షెరీఫుల పేర్లు చెబుతున్నారు. ఆ ఊరిని సంత చేసిందీ, ఆ సంతను మూయించిందీ తుపాకీ కాదు నాయనలారా, పిడుదు. మీ వైపు గోమారి అంటారేమో. ఆవు పొదుగు దగ్గర, చెవి కింద శెనగబద్దలా అతుక్కుని ఉంటుంది చూడండి, అది.

సంగతేమిటంటే, టెక్సాస్ మందలు నడిచి వెళ్లిన దారిలో కాన్సస్ రైతుల పాడి ఆవులు పటపటా రాలిపోయేవి. వచ్చిన పశువులు మాత్రం నిక్షేపంగా ఉండేవి. వాటి ఊపిరి విషమని కొందరు, పేడ విషమని కొందరు. పేరు టెక్సాస్ జ్వరం అని పెట్టారు కానీ కారణం ఎవరికీ తెలియదు. రైతులు తుపాకులు పట్టుకుని దారికి అడ్డం నిలబడ్డారు. అప్పుడు రాష్ట్రం మ్యాపు మీద ఒక గీత గీసింది. ఆ గీతకు తూర్పున టెక్సాస్ గొడ్డు అడుగు పెట్టకూడదు. రైతులు పడమరకు జరిగేకొద్దీ గీతా జరిగింది. 1876లో అది విచిటాను దాటిపోయింది. సంత విచిటాను వదిలి డాడ్జ్‌కు చేరింది అందుకే. 1885లో రాష్ట్రం మొత్తానికీ తలుపు వేశారు, చలికాలం తప్ప. ఆ పైన ముళ్లకంచెలు, 1886 జనవరిలో మంచు తుఫాను. మైదానంలో మిగిలిన పశువులూ గుట్టలు గుట్టలుగా చచ్చాయి. పదేళ్ల వైభవం అంతటితో సరి.

చలికాలానికి మినహాయింపు ఎందుకో అప్పట్లో వాళ్లకూ సరిగ్గా తెలియదు. మంచు పడితే పిడుదు చస్తుంది, అదీ కిటుకు. 1893లో థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ అనే ఇద్దరు దీన్ని రుజువు చేశారు. రక్తంలో ఉండే క్రిమిని ఒక గొడ్డు నుంచి ఇంకో గొడ్డుకు మోసేది పిడుదే. మేం బబీసియోసిస్ అంటాం. రైతు మాత్రం పొద్దున్నే తలుపు కొట్టి ‘గొడ్డు ఎర్రగా పోస్తోంది సార్’ అంటాడు. వెళ్లి చూస్తే మూత్రం కాఫీ డికాషన్‌లా ఉంటుంది, కనురెప్ప తిప్పితే కాగితంలా తెల్లగా. ఆలస్యమైతే రెండు మూడు రోజులే.

టెక్సాస్ గొడ్లకు ఎందుకు రాలేదంటారా? దూడప్పుడే పిడుదు కరిచి కరిచి తట్టుకునే శక్తి వచ్చేసింది. మన నాటు పశువుకూ అంతే. జెర్సీలు, హెచ్‌ఎఫ్‌లు లాంటి విదేశీ జాతులు ఊళ్లలోకి వచ్చాకే నాకు ఈ కేసులు పెరిగాయి. కాన్సస్ రైతు ఆవు ఆనాటి జెర్సీ అనుకోండి.

సికింద్రాబాదీ · మే 10, రాత్రి 9:00

డాక్టర్ సాబ్, జబర్దస్త్. ఇది అయిన నాలుగేళ్లకే, 1897 ఆగస్టు 20న, మా బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్నడు. ఆ బిల్డింగ్ ముందు నుంచే రోజూ ఆఫీసుకు పోయేవాణ్ణి. కీటకం జబ్బును మోస్తదనే మాటకు ముందుగాల దారి వేసింది ఈ గొడ్ల పిడుదు అని నాకు ఇవాళే తెలిసింది.

టెక్సాస్_తాత · మే 10, రాత్రి 10:30

డాక్టరు గారూ, మీరు వదిలేసిన ముడి నేను విప్పుతాను. మాది హ్యూస్టన్ పక్కన.

కాన్సస్‌కు మందలు తోలించిన టెక్సాస్ మోతుబరుల్లో షాంఘై పియర్స్ అని ఒక భారీ మనిషి. అతనికి చివరి రోజుల్లో ఈ పిడుదు జ్వరానికి మందు మన దేశపు మూపురం పశువుల్లో ఉందని గట్టి నమ్మకం ఏర్పడింది. 1900లో పోయాడు. అతని మేనల్లుడు బోర్డెన్ 1906లో మన దేశం నుంచి పశువులను ఓడలో దించాడు. అలా వచ్చిన రకరకాల మన జాతుల నుంచి ఇక్కడ తయారైనదే అమెరికన్ బ్రాహ్మన్. అందులో గుజరాత్ కాంక్రేజ్, గిర్, కృష్ణా వ్యాలీ, ఇంకా నెల్లూరు. నెల్లూరు అంటే ఒంగోలే. 1904 దాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది కదా. బ్రెజిల్‌లో ఇప్పటికీ నెలోర్ అనే పిలుస్తారు. వయాటినా-19 అనే నెలోర్ ఆవు 2023లో నలభై లక్షల డాలర్ల పైచిలుకు ధర పలికిందని మన పేపర్లన్నీ రాశాయి, గుర్తుందా?

కాబట్టి పిల్లోడూ, మీ నాన్న డాడ్జ్ సిటీ వెళ్లడం చుట్టరికం కలుపుకోవడమే.

ప్రకాశం_పిల్లోడు · మే 11, ఉదయం 6:50

రాత్రి నాన్నకు ఫోన్లో ఇదంతా చదివి వినిపించాను. ‘పిడుదు’ దగ్గర నవ్వారు. నెల్లూరు దగ్గర మాత్రం కోపం వచ్చింది, ‘మన గిత్తకు వాళ్ల పేరేంటి’ అని. వెళ్లడం ఖాయం. తోవలో ఆగడానికి ఏమైనా ఉందా? అమ్మ రెండున్నర గంటలు ఏకబిగిన కూర్చోలేదు.

కాన్సస్_కాకి · మే 11, ఉదయం 9:05

గ్రీన్స్‌బర్గ్‌లో ఆగండి. 2007 మే 4 రాత్రి టోర్నడో ఆ ఊరిని దాదాపు తుడిచిపెట్టేసింది, మళ్లీ కట్టుకున్నారు. అక్కడ 1888లో మనుషులు చేత్తో తవ్విన బావి ఉంది, 109 అడుగుల లోతు. పైనుంచి చూస్తే చాలు, అమ్మగారిని మెట్లు దింపకండి. చికెన్, గుడ్లు ఎక్కడైనా దొరుకుతాయి. పెరుగన్నం కట్టుకెళ్లండి.

మెట్టప్రాంతం_డాక్టరమ్మ · మే 11, రాత్రి 11:50

డ్యూటీ అయ్యాక ఇప్పుడు చూస్తున్నాను. పశ్చిమ కాన్సస్‌లో ఒక చిన్న ఊళ్లో పనిచేస్తున్నాను, వీసా కోసం మూడేళ్ల కాంట్రాక్టు. డాడ్జ్‌కు నెలకు రెండుసార్లు సరుకులకు వెళ్తాను.

చరిత్రపిచ్చి గారూ, పశువుల సంత 1885లో ముగిసిందన్నట్టు రాశారంతా. ఏమీ ముగియలేదండీ. ఇప్పుడు నడిచి రావు, లారీల్లో వస్తాయి, అంతే తేడా. చుట్టూ ఫీడ్‌లాట్లు (గొడ్లకు దాణా పెట్టి బలిపించే దొడ్లు), ఊరి అంచున రెండు పెద్ద మాంసం ప్లాంట్లు. జనాభా 28 వేలకు కాస్త తక్కువ, అందులో సగానికి మించి స్పానిష్ మాట్లాడే కుటుంబాలు. నేను మొదటి వారంలో నేర్చుకున్న స్పానిష్ మాట మునియేకా. మణికట్టు అని అర్థం. ఒకే కోత రోజుకు వేలసార్లు కోసి కోసి రాత్రి వేళ్లు తిమ్మిరెక్కి లేస్తారు. ‘గ్లాసు పట్టుకుంటే జారిపోతోంది డాక్టర్’ అంటారు. ఒకావిడ కూతురు పదకొండేళ్లది, తల్లి పక్కన నిలబడి ఇంగ్లీషులోకి మార్చి చెబుతూ, మధ్యలో తన లెక్కల హోంవర్కు చేసుకుంటుంది. పెద్ద దుభాషి వచ్చేదాకా ఆ పిల్లే.

మ్యూజియంలో 1870ల కౌబాయ్ బొమ్మ కనబడుతుంది. ఆనాటి కౌబాయ్‌లలో నల్లజాతివాళ్లు, మెక్సికన్లు బాగా ఉండేవాళ్లు. ఊరవతలి నుంచి వచ్చి కష్టం చేసే కుర్రాళ్లే అప్పుడూ ఇప్పుడూ ఊరిని నడిపేది. వాళ్ల వీధిలో కూడా ఒక పూట తినండి. రైలు పట్టాల పక్కన మెక్సికన్ బేకరీల్లో కోంచా అని ఒక తియ్య బన్ను దొరుకుతుంది, పైన చక్కెర పొర గవ్వ చారల్లా ఉంటుంది. అమ్మగారికి నచ్చుతుంది.

చరిత్రపిచ్చి · మే 12, ఉదయం 7:30

ఒప్పుకుంటున్నా డాక్టరమ్మా. నేను చదివింది పుస్తకం, మీరు చూసింది మణికట్టు.

నకిలీ గురించి ఒక మాట. అసలు ఫ్రంట్ స్ట్రీట్ 1885 మంటల్లో కాలిపోయింది. ఇప్పటి వీధి 1958లో కట్టిన నమూనా. బూట్ హిల్ అనే గుట్ట మీది శ్మశానంలోని శవాలను 1879లోనే తవ్వి మార్చేసి, గుట్ట మీద బడి కట్టుకున్నారు. టూరిస్టులు వచ్చి శ్మశానమేదీ అని అడగడం మొదలుపెట్టాక, 1930ల తొలిరోజుల్లో సింప్సన్ అనే ఇంకో పళ్ల డాక్టరు సిమెంటు ముఖాలు, బూట్లు పోతపోసి నేలలోంచి పొడుచుకొచ్చినట్టు పాతాడు. తమాషాకు చేసినదాన్ని జనం భక్తిగా చూసిపోయారు. ఆ తర్వాత గన్‌స్మోక్ సీరియల్, 1955 నుంచి 1975 దాకా టీవీలో. తీసింది ఎక్కువగా కాలిఫోర్నియాలో, పేరు వచ్చింది డాడ్జ్‌కు. ఊరివాళ్లు నిజాయితీగా కష్టపడి నకిలీ చేశారు, నాకు అదీ చరిత్రే.

బోరుకొట్టిన_బాబు · మే 12, ఉదయం 7:45

ఈ ఊళ్లో పళ్ల డాక్టర్లు పళ్లు తప్ప అన్నీ పీకారు.

ప్రకాశం_పిల్లోడు · జూన్ 23, రాత్రి 10:15

వెళ్లొచ్చాం. ఆలస్యంగా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

మొదట కష్టాలు. బుక్ చేసిన మోటెల్‌లో ఏసీ పనిచేయలేదు, అర్ధరాత్రి గది మార్చారు. గాలి చెప్పనలవి కాదు. కారు తలుపు తీస్తే అమ్మ చీర కొంగు టోపీలా నెత్తికి చుట్టుకుంది.

మ్యూజియం వీధిలో కాల్పుల నాటకం వేశారు. తుపాకులు ఢాం అనగానే అమ్మ ‘ఓరి నాయనో’ అని నా చెయ్యి పట్టేసుకుంది. అంతా అయ్యాక నాన్న ‘ఇంతకీ ఎందుకు కొట్టుకున్నారు?’ అన్నారు. చెప్పాను. ‘ఈ మాత్రానికా’ అన్నారు. తోళ్ల ఫోటో ముందు మాత్రం చాలాసేపు నిలబడ్డారు. వెళ్దామా అంటే, ‘ఉండు, లెక్కపెడుతున్నా’ అన్నారు.

బస్ స్టాప్ అంత నీడ కూడా లేని చోట ఎల్ కాపిటాన్ అని కంచు లాంగ్‌హార్న్ బొమ్మ ఉంది. నాన్న దాని చుట్టూ తిరిగి వీపు మీద చెయ్యి పెట్టి వెతికారు. ‘మూపురం లేదు. కాడి ఎక్కడ ఆనుతుందిరా దీనికి?’ అన్నారు. వీటిని కాడికి కాదు నాన్నా, నడిపించి అమ్మడానికి అన్నాను. పెదవి విరిచారు.

నది చూద్దామని వంతెన దగ్గర ఆపాను. నీళ్లు లేవు, ఇసుకలో గడ్డి మొలిచింది. పైన కొలరాడోలో కాలువలకు మళ్లించుకోవడం, ఇక్కడ బోర్లు తోడేయడం అని చదివింది చెప్పాను. ‘బోర్లు ఎంత లోతు?’ అని అడిగారు. రాత్రి ఫోన్లో ఓగల్లాలా భూగర్భజలం గురించి చదివి చెబితే, ఇక దాని మీదే మాట్లాడారు. నూరవ రేఖాంశం ఆ ఊరి మీదుగానే పోతుంది, వాన ఏడాదికి ఇంచుమించు మన అనంతపురం అంతే. విమానంలోంచి కనబడ్డ ఆకుపచ్చ గుండ్రాలన్నీ బోరు నీళ్ల పొలాలని అప్పుడు అర్థమైంది ఆయనకు. ‘మన గుండ్లకమ్మే నయం, వానొస్తే పారుతుంది’ అన్నారు.

డాక్టరమ్మ గారూ, కోంచా తిన్నాం. అమ్మ ఆరు కట్టించుకుంది. కొట్టు ఆవిడకు ఇంగ్లీషు రాదు, అమ్మకూ రాదు. ఇద్దరూ వేళ్లు చూపించుకుని పని కానిచ్చారు.

తిరుగు దారిలో ఫీడ్‌లాట్ పక్క నుంచి వచ్చాం. అమ్మ కారు దిగలేదు, అద్దాలు కూడా దింపనివ్వలేదు. నాన్న దిగారు. కంచె అవతల కనుచూపు మేరా గొడ్లే. ఎక్కువ నల్లవి. మధ్యలో ఒకటి బూడిదరంగుది, మెడ వెనక చిన్న గుబ్బ, చెవులు కిందికి వేలాడుతున్నాయి. నాన్న దాన్నే చూస్తూ నిలబడ్డారు. ట్రక్కు ఒకటి వచ్చి తొట్టెల్లో దాణా పోసుకుంటూ పోయింది. గాలికి నాలుగు గింజలు రోడ్డు వైపు ఎగిరి పడ్డాయి. నాన్న వంగి ఒకటి తీసి, గోటితో చిదిమి, నోట్లో వేసుకున్నారు.

‘జొన్నేరా’ అన్నారు.

టెక్సాస్_తాత · జూన్ 23, రాత్రి 10:40

మీ నాన్నగారి నంబరు నాకు మెసేజ్ పెట్టు. నేను మాట్లాడాలి.